ఆరు లైన్లు తగ్గిన ఫైలు

1997 నవంబరు 21, శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు, నాలుగు వందల పన్నెండు లైన్లు ఉండవలసిన ఒక ప్రోగ్రాము ఫైలు నాలుగు వందల ఆరు లైన్లతో నా బల్ల మీదికి వచ్చింది. రిజిస్టరు తెరిచి తేదీ, గంట, పాత లెక్క, కొత్త లెక్క వేసి, పక్కన "ఆరు తక్కువ" అని రాశాను. కింద గీత కొట్టి సంతకం పెట్టాను. ఎందుకు తగ్గాయని అడగలేదు. నోయిడాలో ఆ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో నా పని లెక్క రాయడం. అడగడం కూడా నా పనేనని అప్పటికి నాకు తోచలేదు.

మొన్న, 1999 అక్టోబరు 14, గురువారం ఉదయం ఎనిమిదింపావుకి ఢిల్లీలో పాలం నుంచి ఒక అమ్మాయి ఫోను చేసింది. "ఆంటీ, పాపా నహీఁ రహే," అంది. నాన్న పోయారని హిందీలోనే చెప్పింది. తెలుగు అర్థమవుతుంది గానీ ఆ పిల్లకి నోరు తిరగదు. ఆ ఫైలు మొదట రాసింది వాళ్ళ నాన్నే; ఆయన డైరీలో నా నంబరు ఉందట. ఫోను పెట్టేసి, ఆ రిజిస్టరుకి ఇంట్లో నేను రాసుకున్న నకలు తీశాను. ఏడుపు రావలసిన సమయం. కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు ఒక ఫైలు తలమీద ఉన్నందుకే ఆయనకి ఇంత జరిగింది. ఇంకో కాగితం మీదికి దాన్ని నేనెక్కించను.

అనంతపురం జిల్లా మనిషి. వైమానిక దళంలో ఇరవై ఏళ్ళు విమానాల రిపేరు పని చేసి, సార్జెంటుగా బయటికి వచ్చి, నలభై దాటాక ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. ఆఫీసులో మిగతావాళ్ళంతా పాతిక, ముప్ఫై ఏళ్ళవాళ్ళు. ఆయన్ని "ఫౌజీ" అనేవాళ్ళు, సిపాయి అని. మొహం మీదే అనేవాళ్ళు. నాకు అప్పటికి అరవై ఒకటి. నన్ను మేడమ్ అనేవాళ్ళు, వెనక ఏమనేవాళ్ళో నాకు తెలుసు. మా ఇద్దరికీ జట్టు కుదరడంలో వింత లేదు.

విమానాల షెడ్డులో ప్రతి పనివాడికీ తన నంబరు కొట్టిన రేకు బిళ్ళలు ఉంటాయట. స్పానరు తీసుకుంటే, అది వేలాడిన మేకుకి బిళ్ళ తగిలించాలి. సాయంత్రానికి ఒక్క బిళ్ళ మేకు మీద మిగిలినా, ఆ స్పానరు దొరికేదాకా విమానం కదలదు. ఆఫీసులో అందరూ వాడుకునే లావుపాటి పుస్తకాలు ఆరు ఉండేవి. ఎవరు ఏది పట్టుకుపోయారో ఎవరికీ తెలిసేది కాదు. ఒక సోమవారం ఆయన ఇంటి నుంచి చెక్క పలక తెచ్చి, ఆరు మేకులు కొట్టి, అందరికీ బిళ్ళలు పంచారు. రెండో వారానికి ఆ మేకులకి పాన్ మసాలా పొట్లాలు వేలాడాయి. ఆయన ఒక్కొక్క పొట్లమే తీసి, మడిచి, చెత్తబుట్టలో వేసి, తన బిళ్ళ తగిలించి, పుస్తకం తీసుకుని వెళ్ళి కూర్చున్నారు. ఎవరినీ ఏమీ అనలేదు. ఆ అనకపోవడం అప్పట్లో నాకు గొప్పగా కనిపించింది.

మా అంతస్తుకి ఒకటే ఫోను. అది ఆయన కుర్చీ పక్కన ఉండేది. ఫలానా మిశ్రా ఉన్నాడా అని ఎవరైనా అడిగితే మరొకరైతే తల తిప్పి చూసి, ఉన్నాడని చెప్పి కేక వేస్తారు. ఆయన అలా చెప్పేవారు కాదు. లేచి వెళ్ళి, మిశ్రా మణికట్టు పట్టుకుని, ఫోను దాకా నడిపించుకొచ్చి, అప్పుడు "ఉన్నాడు సార్" అనేవారు.

"అరే సాబ్, హాథ్ తో ఛోడో! భాగ్ థోడీ రహా హూఁ!" అని మిశ్రా గింజుకునేవాడు, చెయ్యి వదలండి, నేనేమన్నా పారిపోతున్నానా అని. హాలంతా నవ్వేది.

ఒకసారి నేనే అడిగాను, ఏమిటీ చాదస్తమని.

"నేను ఉండాడని చెప్తాను. పిలిచేలోపల వాడు చాయ్‌కి పోతాడు. అప్పుడు నేను చెప్పింది నిజమా, అబద్ధమా?"

"మీరు చెప్పినప్పుడు ఉన్నాడు కదా. తప్పు మీది కాదు."

"తప్పు ఎవరిదైతేనేమమ్మా? ఫోన్లో ఉండే మనిషికి పోయిన జవాబు తప్పే కదా."

ఆయన రాసిన ప్రోగ్రాములో ఉన్నది కూడా ఇంతే. ఇంతకు మించిన రహస్యం అందులో లేదు.

అప్పట్లో ఢిల్లీలో నడుముకి పేజరు లేని వ్యాపారి లేడు, డాక్టరు లేడు. ఒక పేజరు కంపెనీకి మేము ప్రోగ్రాము రాసి ఇచ్చేవాళ్ళం. ఎవరైనా అక్కడి ఆపరేటరుకి ఫోను చేసి సందేశం చెబుతారు. ఆపరేటరు టైపు చేస్తుంది. కంప్యూటరు దాన్ని చందాదారుడి పేజరుకి పంపుతుంది. బయటికి కనిపించేది ఇదే. లోపల మాత్రం ఒకే సమయంలో చాలా పనులు నడుస్తుంటాయి. ఒక పని సందేశం పంపుతుంటే, ఇంకో పని పేజరు మార్చుకున్నవాళ్ళ పాత వివరాలు చెరిపి, ఖాళీ అయిన చోట కొత్తవాళ్ళని కూర్చోబెడుతుంది. వీటిని థ్రెడ్లు అంటారు. ఒకటి ఏం చేస్తోందో ఇంకోదానికి తెలియదు.

ఆ ఏడాది జూలై 12, శనివారం, పేజరు కంపెనీలో కాగితాలు ఇచ్చి, ఇద్దరం అశోకా రోడ్డులో ఆంధ్రా భోజనానికి వెళ్ళాం. ఒంటిగంట దాటింది. అక్కడ ఆ వేళకి తినేవాళ్ళ కుర్చీల వెనక ఇద్దరేసి నిలబడి ఉంటారు, ఎప్పుడు లేస్తారా అని. ఎలాగో గోడ పక్కన నాకొకటి, ఎదురుగా ఆయనకొకటి దొరికాయి. నేనింకా పప్పు కలుపుతూనే ఉన్నాను. సర్వరు వచ్చి నా పళ్ళెం పక్కన పెరుగు గిన్నె, రెండు ఊరమిరపకాయలు పెట్టాడు.

"నేను అడగలేదే?"

"మీరే కదండీ అడిగారు? నాలుగో టేబులు, గోడ పక్క కుర్చీ."

"నేను కూర్చుని రెండు నిమిషాలు కాలేదు నాయనా."

అంతకుముందు ఆ కుర్చీలో ఉన్నాయన పెరుగు అడిగి, చూసి చూసి లేచి వెళ్ళిపోయాడన్నమాట. నా ఎదుటి మనిషి చేతిలో ముద్ద పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఆయన నవ్వగా నేను చూసింది తక్కువ.

"చూస్తివామ్మా? మన ప్రోగ్రాము జబ్బు ఇదే. వీడు కుర్చీని గుర్తుపెట్టుకున్యాడు, మనిషిని కాదు. మనిషి లేచిపాయ. కుర్చీలో నువ్వు కూర్చుంటివి. పెరుగు నీకొచ్చె."

"అయితే పెరుగు వచ్చేదాకా ఆ మనిషిని లేవనివ్వకూడదు."

"మొదట అట్లనే చేసింటిమి. అట్లయితే ఇంగ ఎవరూ లేయరు. ఈయప్ప కోసరం పెరుగు, పెరుగు కోసరం ఈయప్ప. ఒకర్నొకరు పట్టుకోని అందరూ కూర్చునే ఉంటారు. హోటలు నిండిపోతాది. మన మిషను ఎనిమిదో దినానికి పడిపోతాండేది అందుకే."

అది నిజం. ప్రతి సందేశమూ తన చందాదారుణ్ణి గట్టిగా పట్టుకునేది, ప్రతి చందాదారుడూ తన సందేశాలని పట్టుకునేవాడు. మానేసినవాళ్ళ వివరాలు కూడా చెరిగేవి కావు. ఎనిమిది రోజులకి చోటు నిండి మెషీను ఆగిపోయేది. ఆ ఆగిపోవడాలన్నీ నా రిజిస్టర్లో ఉన్నాయి.

"మరేం చేయాలి?"

"ఊరికే గుర్తుంచుకోవల్ల. పట్టుకోగూడదు. పెరుగు తెచ్చినాక అడగల్ల, ఇందాక అడిగినాయప్పవు నువ్వేనా అని. కాదంటే ఎనక్కి తీసకపోవల్ల. ఔనంటే..." అని, సాంబారు బకెట్టుతో పక్క నుంచి పోతున్న సర్వరు భుజం మీద ఎడం చెయ్యి వేసి ఆపారు. "ఆ ఔనన్న మాటతోనే ఇట్ల పట్టుకోవల్ల. పెరుగు గిన్నె కింద పెట్టేదాకా. పెట్టినాక ఇడిసిపెట్టల్ల."

"వదలండి సార్, సాంబారొలుకుతుంది," అన్నాడు సర్వరు.

"అడిగేది, పట్టుకునేది ఒగటే పనమ్మా. రెండు కాదు. మధ్యలో సందుంటే ఆ సందులోనే మనిషి మారిపోతాడు."

ప్రోగ్రాములు రాసేవాళ్ళు దీన్ని వీక్ పాయింటర్ అంటారు. ఆయన వదులు పట్టు అనేవారు. సోమవారం కూర్చుని తొమ్మిది రోజుల్లో రాశారు. నాలుగు వందల పన్నెండు లైన్లు. ఆగస్టు 4న అది పని మొదలుపెట్టింది. అప్పటి నుంచి నవంబరు 21 దాకా నూట పది రోజులు. మెషీను ఆగడం సున్నా, దారి తప్పిన సందేశం సున్నా. ఇరవై రెండేళ్ళు ప్రభుత్వాఫీసులో లెక్కలు రాసిన దాన్ని. వరసగా అన్ని సున్నాలు వేసిన పేజీ నాకు అదొక్కటే.

మా డైరెక్టరుకి ముప్ఫై ఒకటి. తెలివి ఉంది, కాదనను. అతనికి కావలసింది వేగం. నవంబరులో పేజరు కంపెనీవాళ్ళు నిమిషానికి ఎన్ని సందేశాలు పోతున్నాయో కొలిచి చూస్తామన్నారు. అదే వారం, ఫైలు రాసినాయన అన్నగారికి ఆపరేషనని అనంతపురం వెళ్ళారు. డైరెక్టరు ఆ ఫైలు తనే తెరిచాడు.

"ఫౌజీ నే హర్ దర్వాజే పే సంత్రీ ఖడా కర్ రఖా హై!" అని హాలంతా వినేలా అన్నాడు. ప్రతి తలుపు దగ్గరా కాపలావాణ్ణి నిలబెట్టాడట. అందరూ నవ్వారు. ఏ కాపలావాణ్ణి తీసేశాడో నేను అడగలేదు. నాలుగూ ఇరవైకి ఫైలు నాకు వచ్చింది. మర్నాడు డిస్కు మీద పేజరు కంపెనీకి వెళ్ళిపోయింది. నిమిషానికి రెండు వందల సందేశాలు పోయేవి రెండు వందల ఆరు పోయాయట. ఆఫీసులో లడ్డూలు పంచారు. నేనూ ఒకటి తిన్నాను.

ఆయన 26న తిరిగి వచ్చారు. వేరే పని అప్పగించారు. ఆరు లైన్ల మాట నేను చెప్పలేదు. రిజిస్టర్లో ఉంది కదా అనుకున్నాను. రిజిస్టర్లో రాస్తే చెప్పినట్టేనని నమ్మి ఇరవై రెండేళ్ళు జీతం తీసుకున్నదాన్ని.

డిసెంబరు 9, మంగళవారం, ఉదయం పది నలభైకి కంటోన్మెంటులో ఒక ఆసుపత్రి నుంచి ఒకావిడ తన భర్తకి సందేశం పెట్టింది: నాన్నగారికి సీరియస్, వెంటనే రండి. భర్త ఆ పొద్దునే పాడైన పేజరు మార్చుకున్నాడు. కంప్యూటరు అతను ఉన్నాడా అని అడిగింది. ఉన్నాడంది. ఆ మాటకీ పంపడానికీ మధ్య అతని పాత చోటు ఖాళీ అయి, గాజియాబాదులో టైర్ల వ్యాపారి ఒకడు అందులోకి వచ్చాడు. సందేశం టైర్ల వ్యాపారి నడుము మీద మోగింది. ఆపరేటరు ఆవిడకి "చేరిందండీ" అని చెప్పింది. కనీసం చేరలేదని చెప్పి ఉన్నా ఆవిడ ఇంకో దారి చూసుకునేది. భర్త సాయంత్రం ఇంటికి వెళ్ళి, తాళం చూసి, పక్కింటివాళ్ళు చెబితే ఆసుపత్రికి చేరాడు. అప్పటికి తండ్రి పోయి మూడు గంటలు. ఆ కొడుకు రెండు పేజీల ఉత్తరం రాశాడు. దాన్ని ఫైల్లో పెట్టింది నేనే. శుక్రవారానికి అలాంటివి ఇరవై మూడు తేలాయి.

ఆ శుక్రవారం, డిసెంబరు 12, మధ్యాహ్నం మూడింటికి విచారణ. పేజరు కంపెనీవాళ్ళు ఇద్దరు, డైరెక్టరు, ఆయన, రిజిస్టరుతో నేను. బల్ల మీద ఆ ఫైలు అచ్చు ఉంది. మొదటి లైన్లో ఆయన పేరు. మా కంపెనీలో ఫైలు ఎవరు మొదలుపెడితే వాళ్ళ పేరు పైన ఉంటుంది. తర్వాత పదిమంది చేతులు పెట్టినా ఆ పేరు మారదు. అది పుట్టుమచ్చ లాంటిది, దానికి అర్థం లేదు. ఆఫీసులో అందరికీ ఇది తెలుసు. ఆయనకీ తెలుసు. కానీ విమానాల షెడ్డులో ఇరవై ఏళ్ళు ఉన్న మనిషికి పేరంటే సంతకం. విమానం లేచేముందు ఫారం మీద ఎవరి పేరుందో, పైన ఏం జరిగినా వాడే జవాబుదారీ.

"యే ఫైల్ ఆప్‌కీ హై?" ఫైలు మీదేనా అని అడిగాడు డైరెక్టరు.

ఆయన ఒక్కొక్క పేజీ తిప్పారు. నాలుగో పేజీ దగ్గర చూపుడువేలు ఆగింది. అడగడం ఉంది. పట్టుకోవడం లేదు. పట్టుకునే చోట మూడు లైన్లు, వదిలే చోట మూడు లైన్లు లేవు. ఆయన తలెత్తి డైరెక్టరు వంక ఒక్కసారి చూశారు. డైరెక్టరు మంచినీళ్ళు తాగుతున్నాడు.

"మేరీ హై, సర్," నాదే అన్నారు.

నేను రిజిస్టరు తెరిచాను. "సార్, ఇరవై ఒకటో తేదీ లైన్ల లెక్క..." అన్నాను.

"మేడమ్, టెక్నికల్ బాత్ చల్ రహీ హై. ప్లీజ్." సాంకేతికమైన మాట నడుస్తోందని డైరెక్టరు ఆపాడు.

మూసేశాను. ఒక్క ప్లీజ్‌కి మూసేశాను.

తప్పెవరిదని పేజరు కంపెనీ మనిషి సూటిగా అడిగాడు. ఆయన లేచి నిలబడ్డారు. "నామ్ మేరా హై, సర్," అన్నారు. పేరు నాది. తప్పు నాది అనలేదు. కానీ ఆ గదిలో ఆ తేడా ఎవరికి కావాలి? మూడూ ఇరవై అయిదుకి అయిపోయింది. అయిదింటికి ఉద్యోగం తీసేసిన ఉత్తరం ఆయన చేతిలో ఉంది.

మెట్ల మీద పట్టుకున్నాను.

"ఎందుకు చెప్పలేదు?"

"పేరుండాది కదమ్మా."

"తీసింది వాడు!"

"తీసినాడు. నా పేరు కింద తీసినాడు. ఫైలు ఎవరైనా ముట్టుకునేతట్ల పెట్టి సెలవు మీద పోయింది నేనే కదా. కాపలా నాది."

"ఏమయ్యా, ఇది విమానం కాదు! ఇక్కడ ఎవడూ నీలా పేరు చూసి భయపడడు."

"ఒకర్ని పట్టించి నేను నిలబడే అలవాటు లేదమ్మా."

"నీ అలవాటు తగలెయ్య," అన్నాను. నా జన్మలో ఎవరినీ అంత మాట అనలేదు. ఆయన టిఫిను డబ్బా చంకలో సర్దుకుని, ధౌలా కువాన్ వైపు చార్టర్డ్ బస్సు వెళ్ళిపోతుందని దిగిపోయారు.

ఆ మాటకి ఇవాళ్టికీ విచారించను. పౌరుషమనీ పెద్దమనిషి తరహా అనీ ఎవరేమన్నా సరే, దొంగకి నీడ ఇచ్చే మర్యాద నాకు మర్యాదగా కనిపించదు. ఆయన ఒప్పుకున్నారు కాబట్టి ఇంక వెతకవలసిన పని ఎవరికీ లేకపోయింది. "పట్టుకునే తాళాలు మరీ ఎక్కువై ప్రోగ్రాము చిక్కుపడింది" అని డైరెక్టరు ఒక కాగితం రాసి ఇచ్చాడు. ప్రతి ఆదివారం పొద్దున మెషీను ఆపి మళ్ళీ మొదలుపెడితే చాలన్నాడు. ఆ నాలుగు వందల ఆరు లైన్లనే ఇంకో రెండు ఊళ్ళ పేజరు కంపెనీలకి అమ్మాడు. సందేశాలు దారి తప్పుతూనే ఉన్నాయి. నేను ఒక్కొక్కటే రాస్తూనే ఉన్నాను.

1998 మార్చి 18, బుధవారం, ఒంటిగంటన్నరకి గేటు నుంచి ఫోను. ఎక్స్‌పీరియన్స్ లెటర్ కోసం ఆయన రావడం అది మూడోసారి. కాపలావాడు లోపలికి రానివ్వలేదు. నేనే దిగి వెళ్ళాను.

"బాగుండావామ్మా?"

"అరవై ఒకటి," అన్నాను.

"ఏమి?"

"మీరు వెళ్ళాక దారి తప్పిన సందేశాలు."

ఆయన మొహం చూసి తెలిసింది, ఆ సంగతి ఆయనకి తెలియదని. "సరిచేయలేదా?"

"ఎవరు చేస్తారు? తప్పు నీదని తేలిపోయింది కదా. నీతోపాటే అది కూడా గేటు దాటి వెళ్ళిపోయిందనుకున్నారు."

కాపలావాడి స్టూలు మీద కూర్చుండిపోయారు. రోడ్డు మీద ట్రక్కులు పోతున్నాయి.

"తప్పు చేసినానమ్మా," అన్నారు. "ఆపొద్దు నోరు తెరిచింటే అరవై ఒక్కటి అయ్యేవి కాదు. నా ఒగడికే పోతాదనుకున్యా."

తర్వాత కాపలావాణ్ణి అడిగి, వచ్చినవాళ్ళ పేర్లు రాసే చీటీ ఒకటి తీసుకుని, మోకాలి మీద పెట్టుకుని, ఆరు లైన్లు రాశారు. ఏ లైను తర్వాత ఏది రావాలో పక్కన నంబర్లు వేశారు. ఆ ఫైలు చూసి మూడు నెలలు దాటినా ఒక్క నంబరూ తప్పలేదు.

"నువ్వు ఎక్కించగలవా?"

"టైపు చేయడం వచ్చు. కంపైలు చేసి డిస్కులు తయారుచేసేది ఎలాగూ నేనే."

"ఎవరన్నా అడిగితే?"

"రిజిస్టర్లో ఉంటుంది. ఇచ్చింది మీరని, ఎక్కించింది నేనని."

"నా పేరొద్దమ్మా."

"అది నా రిజిస్టరు," అన్నాను.

నాలుగూ అయిదుకి ఎక్కించాను. నాలుగు వందల పన్నెండు. "ఆరు ఎక్కువ" అని రాసి, ఇద్దరి పేర్లూ రాశాను. శనివారం మూడు ఊళ్ళకీ డిస్కులు వెళ్ళాయి. అవి చేరేలోపు మరో రెండు సందేశాలు తప్పాయి. మార్చి 23 నుంచి సున్నా. వేగం మళ్ళీ రెండు వందలకి దిగింది. ఎవరూ గమనించలేదు. ఆ ఆరు సందేశాల వేగం ఎవరికీ అక్కర్లేదన్నమాట, కొలిచిన ఆ ఒక్క రోజుకి తప్ప.

ఏప్రిల్లో రిజిస్టరు పట్టుకుని డైరెక్టరు గదిలోకి వెళ్ళాను. రెండు పేజీలూ చూపించి, ఆయనకి ఉత్తరం ఇమ్మన్నాను. చదివాడు. మొహం ఎర్రబడలేదు, పాలిపోలేదు. "మేడమ్, అబ్ తో ఠీక్ చల్ రహా హై నా? పురానీ బాత్ ఛోడియే." ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా, పాత మాట వదిలెయ్యండి అని. వదిలేశాను. ఇంకో అయిదు నెలలు అక్కడే పనిచేసి, సెప్టెంబరు 30న మానేశాను. ఈ లెక్కలో నా పద్దు కూడా ఉందని తెలిసే రాస్తున్నాను.

ఆ తర్వాతి ఏడాది సంగతి అందరికీ తెలిసిందే. రెండు వేల సంవత్సరం వస్తోంది, కంప్యూటర్లన్నీ తలకిందులవుతాయని, జియా సరాయ్ ట్యూషన్ గదుల్లో ఆరు వారాల కోర్సు చదివినవాడికి కూడా ఉద్యోగాలిచ్చారు. ఆయనకి ఇవ్వలేదు. నాకు తెలిసి నాలుగు చోట్లకి వెళ్ళారు. నాలుగు చోట్లా పాత కంపెనీ ఉత్తరం ఏదన్నారు. ఒకచోట మా డైరెక్టరుకే ఫోను చేసి కనుక్కున్నారట. చివరికి ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరారు. వచ్చే పోయే ట్రక్కుల నంబర్లు రాయడం పని. మొన్న గురువారం పొద్దున ఆరూ పదికి, డ్యూటీ మారేవేళ, అక్కడే గుండె ఆగింది.

ఆదివారం పాలం వెళ్ళాను. ఒక గది, వంటిల్లు. ఆయన భార్యని చూడడం అదే మొదలు. నన్ను చాప మీద కూర్చోబెట్టి, కూతురు మంచినీళ్ళు తెచ్చాక, ఆవిడ మెల్లగా అడిగింది.

"ఒగ మాట అడగల్లమ్మా. నువ్వు ఆడనే ఉంటివి కదా. ఈయన చేతిలో తప్పు జరిగి, ఎవరో కొడుకుకి నాయన కడచూపు దొరకలేదంట. ఆపొద్దు వచ్చి చెప్పినారు. ఇంగ ఆ మాట ఎత్తలేదు. నేను ఎన్నిమార్లు అడిగినా కాదనలేదు. నిజమేనా?"

దాదాపు రెండేళ్ళు ఆవిడ ఆ మాటతో కాపురం చేసింది.

నకలు సంచిలోంచి తీసి చదివాను. నవంబరు 21 పేజీ, గంటతో సహా. మార్చి 18 పేజీ, పేర్లతో సహా. అడగడం, పట్టుకోవడం ఏమిటో చెప్పాను. ఎవరు తీశారో చెప్పాను. ఎవరు తిరిగి ఇచ్చారో చెప్పాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. కూతురు గోడకి ఆనుకుని నిలబడే ఉంది. అంతా అయ్యాక ఆ పిల్ల అడిగింది:

"తో పాపా నే హమేఁ బోలా క్యోఁ నహీఁ?"

మరి నాన్న మాకెందుకు చెప్పలేదని. నకలు మడిచి సంచిలో పెట్టాను. బయట ఎవరో సైకిలు మీద కూరగాయలు అమ్ముకుంటూ పోయారు. ఆవిడ కూతురి వంక చూడలేదు.

ఇంటికి వచ్చి లెక్క తేల్చాను. తప్పు మనిషికి చేరిన సందేశాలు: డిసెంబరు 12 దాకా ఇరవై మూడు, ఆ తర్వాత అరవై ఒకటి, ఆపైన రెండు, మొత్తం ఎనభై ఆరు. తండ్రి కడచూపు: ఒక కొడుకుది, నాకు తెలిసినంతవరకు. ఉద్యోగం: ఒకటి. చేయని తప్పు ఆయన మీద ఉన్న రోజులు: ఆరు వందల డెబ్బై ఒకటి. అందులో నేను నోరు విప్పగలిగి విప్పనివి: అన్నీ. మనిషి: ఒకరు, నలభై ఆరేళ్ళు.